గట్టు మీది జంట స్తంభాలు

సిరిసిల్ల వైపు పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మర్ కనబడితే ఎవరైనా ఎడంగా జరిగి నడుస్తారు. జరగడం మంచిదే. కానీ ఆ దూరం నుంచే ఒకసారి తల ఎత్తి చూడాలి. ఈ ఊళ్లకు తీగలు లాగిన సహకార విద్యుత్ సంఘం, జనం నోట ‘సెస్’, 1970లో పుట్టింది. దేశంలో ప్రయోగంగా పెట్టిన తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సంఘాల్లో అదొకటి. సంఘం చరిత్ర అటుంచితే, పనితనమంతా స్తంభాల మీదుంది.

పైన వచ్చేవి మూడే తీగలు, 11,000 వోల్టులు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండా పనిచేస్తున్నా ఒక్కో తీగలో పారేది 5 ఆంపియర్ల పైచిలుకే. కింద 433 వోల్టుల వైపు అదే 133 ఆంపియర్లవుతుంది. తీగ వేడెక్కి పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకని ఇంత కరెంటునూ 433 వోల్టుల మీదే అదే తీగల్లో ఊరిదాకా తెస్తే నష్టం 600 రెట్లు దాటేది.

తీగలు ముందు ఏబీ స్విచ్‌కి చేరతాయి. కింద పిడి తిప్పితే మూడూ ఒకేసారి విడిపోతాయి. ఆ ఎడం కంటికి కనబడుతుంది. అయినా ఎర్త్ తగిలించకుండా ఎక్కకూడదు.

ఆ తర్వాతది నాకు అన్నిటికన్నా ఇష్టం: హెచ్‌జీ ఫ్యూజు. పింగాణీల మీద ఆవు కొమ్ముల్లా పైకి విచ్చుకున్న రెండు లోహపు కడ్డీలు, వాటి అడుగున సన్నని తీగ. లోడు మితిమీరితే తీగ కరిగిపోతుంది, ఆ సందులో నిప్పు మెరుపు పుడుతుంది. దాన్ని ఆర్పడానికి ఏ యంత్రమూ లేదు. దాని వేడికి అదే పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ కొమ్ముల మధ్య దూరం పెరుగుతుంది. సాగి సాగి తెగిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే చిన్న డబ్బా బ్రీదర్. లోపలి నూనె వేడికి ఉబ్బి చల్లబడి కుంచించుకుంటుంటే ట్యాంకు గాలి పీల్చి వదులుతుంది. ఆ గాలిలోని తడిని సిలికా జెల్ పట్టేస్తుంది. నీలిరంగు గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే మార్చే వేళయింది.

ఇక బోరు మోటరు. మూడు ఫేజులూ ఒకదాని వెనక ఒకటి అందడంతో, కదలని చుట్టల మధ్య అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఏ తీగా తగలని రోటర్ దాని వెంట పరుగెడుతుంది, ఎప్పుడూ కాస్త వెనకే. వెనకబడకపోతే అందులో కరెంటే పుట్టదు. మోటరు కొత్తగా దించాక నీళ్లు సన్నగా వస్తే అనుభవమున్న మెకానిక్ దాన్ని పైకి లాగడు. మెయిన్ ఆపి, స్టార్టరు పెట్టె తెరిచి, రెండు ఫేజుల తీగలు అటుదిటు మారుస్తాడు. దాంతో క్షేత్రం తిరిగే దిక్కు మారి, ఈసారి పైపు నిండా వస్తాయి.