అస్లం ఖాన్ మళ్లీ రాలేదు

2017 ఏప్రిల్ 28న దేశమంతా ఒకే ప్రశ్న పట్టుకుని సినిమా హాళ్ల ముందు నిలబడింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు? మేమూ నిలబడ్డాం. చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా ఆటోల్లో, ముగ్గురేసి ఎక్కిన బైకుల మీద పోయాం. క్వారీలో రాత్రి షిఫ్టు దిగి, ఒంటిమీది రాతిపొడి కడుక్కోకుండా వచ్చినవాళ్లున్నారు మాలో. టిక్కెట్టుకి మూడింతలిచ్చాం. మా దగ్గర ఆ ప్రశ్నతోపాటు ఇంకొకటి కూడా ఉంది. నవ్వుతారని బయటికి చెప్పుకోలేదు. అస్లం ఖాన్ ఎప్పుడొస్తాడు?

అస్లం ఖాన్ ఎవరో చాలామందికి గుర్తుండి ఉండదు. 2015 జులై 10న వచ్చిన మొదటి భాగంలో ఆయన కనపడేది కాసేపే. 'ఈగ'లో విలన్ వేసిన కన్నడ నటుడు సుదీప్ ఆ పాత్ర వేశాడు. దూరదేశం నుంచి మాహిష్మతికి కత్తులు అమ్ముకోవటానికొచ్చిన వర్తకుడు. తన కత్తికి ఎదురులేదంటాడు. కట్టప్ప దాన్ని తుంచేస్తాడు. ఓడినవాడికి కోపం రావాలి గదా, ఈయనకు ముచ్చటేస్తుంది. ఇంత వీరుడు బానిసగా ఉండటమేంటి, నేను విడిపిస్తానంటాడు. కట్టప్ప ఒప్పుకోడు. సింహాసనానికి బానిసలుగా ఉంటామని తన పూర్వీకులు మాటిచ్చారంటాడు. అవసరమైతే నీకు తోడుగా వస్తానని స్నేహం కలిపి ఖాన్ వెళ్లిపోతాడు.

వస్తానన్నాడు. మేం నమ్మాం. రెండేళ్లు ఎదురుచూశాం.

ఇక్కడో మాట. మేం ఈ సినిమాకి అభిమానులమంటే మా లౌకిక మిత్రులు కొందరికి మింగుడు పడలేదు. శివలింగాన్ని భుజానికెత్తుకున్న హీరోకి మీరు ఈలలెయ్యటమేంటన్నారు. మాకేం ఇబ్బంది అనిపించలేదు. వాడు లింగాన్ని ఎత్తింది తల్లి నీళ్లు మోసే కష్టం చూడలేక. తల్లి కాళ్లకింద స్వర్గముందని విని పెరిగినవాళ్లం, ఆ సీనుకి ఈలెయ్యకుండా ఎట్లా ఉంటాం? మరీ ముఖ్యంగా ఇంకొకటుంది. తెరమీద లక్షమంది జై మాహిష్మతి అంటే మేమూ గొంతు చించుకుని అరిచాం. ఆ జై అనేటప్పుడు పక్క సీటువాడు మా నోటి వంక చూడలేదు. గట్టిగా అన్నామా, నిజంగా అన్నామా, క్రికెట్ మ్యాచీ రోజు ఎవరి పక్కనుంటామని ఎవరూ అడగలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసిన నాటినుంచి మేం మాట్లాడుతున్నది ఈ పరీక్ష గురించే గదా. పరీక్ష పెట్టని రాజ్యం ఒకటి సినిమాలో దొరికింది. మూడుగంటలు అందులో పౌరులుగా ఉన్నాం. ఆ సుఖం మీకు చిన్నదిగా కనపడొచ్చు.

అయితే ఆ రాజ్యానికి సరిహద్దు ఉంది. సరిహద్దు అవతల కాలకేయులున్నారు.

కాలకేయులనే పేరు మహాభారతంలోది. వనపర్వంలో అర్జునుడు చంపిన రాక్షసుల్లో వాళ్లూ ఉన్నారు. రాజమౌళి ఆ పేరు తీసుకుని నల్లరంగు పూసిన సైన్యాన్ని నిలబెట్టాడు. వాళ్లకు ఒక భాష చేయించాడు, కిలికి అని. తమిళ రచయిత మదన్ కార్కీ కూర్చుని ఏడొందల యాభై దాకా మాటలు, నలభై వ్యాకరణ సూత్రాలు కట్టాడట. మెచ్చుకోవాల్సిన పనే. కల్పిత జాతికి వ్యాకరణంతో సహా భాష ఇచ్చిన సినిమా మనకు ఇంకోటి లేదు. కాకపోతే ఆ భాష తెరమీద ఉన్నది అర్థమవటానికి కాదు, భయపెట్టటానికి. నవ్వించటానికి కూడా.

ఆ నవ్వు మా ఇంటికొచ్చింది. మాలో కొన్ని ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు, అది కూడా తెలుగు కలిసిన ఉర్దూ. దూదేకుల ఇళ్లలో అయితే తెలుగే. మొదటి భాగం ఆడుతున్న రోజుల్లో బడికి పోయిన మా పిల్లల్ని తోటిపిల్లలు అడిగిన ప్రశ్న ఇది: "ఏరా, మీ ఇంట్లో కిలికి మాట్లాడుకుంటారంట గదా?" అమ్మీ, అబ్బా అనే మాటలు వాళ్లకు కిలికి అయిపోయినాయి. తమాషా ఏంటంటే ఉర్దూ ముక్క రాని దూదేకుల పిల్లవాడిని కూడా అదే అడిగారు. వాడింటికొచ్చి జేజిని అడిగాడు, మనది కిలికీనా అని. ఆమె అదేదో తినేది అనుకుంది. క్వారీలో కంప్రెషర్ దగ్గర పనిచేసే ఒరిస్సా కుర్రాళ్ళని అందరూ కాలకేయులు అని పిలవటం మొదలెట్టారు. మాలోవాళ్లూ పిలిచారు. దాచుకోవటమెందుకు? ఎండకీ రాతిపొడికీ నల్లబడి, మనకు తెలియని భాషలో మాట్లాడుకునేవాడు ఎదురుగా కనపడితే, మా నోటికీ ఆ మాటే వచ్చింది. మమ్మల్ని అన్నప్పుడు నొప్పి, మేం అన్నప్పుడు జోకు.

చీమకుర్తి నల్లరాయి గురించి మీకు తెలుసు. నలుపులో బంగారు చుక్కలుండే గెలాక్సీ రాయి ప్రపంచంలో ఇక్కడే దొరుకుతుంది. చైనా పోతుంది, ఇటలీ పోతుంది. మెరుగుపెట్టి అంతస్తుల్లో పరుస్తారు. నలుపుకి ఇంత ధర పలికే ఊళ్లో ఒంటి నలుపు తిట్టవుతోంది. ఇది రాజమౌళి చేసిన తప్పు అనటం లేదు. ఆయన కొత్తగా కనిపెట్టింది కూడా కాదు.

మాకు జానపద సినిమా కొత్త కాదు, మాయల కథలూ కొత్త కాదు. ఆమాటకొస్తే అందులో మా వాటా పెద్దది. అక్కినేని 'అల్లావుద్దీన్ అద్భుతదీపం' 1957. ఎన్టీఆర్ 'ఆలీబాబా 40 దొంగలు' 1970, విఠలాచార్య తీసింది. ఇక 1962లో ఎన్టీఆర్ 'గులేబకావళి కథ'. ఇది ఎక్కడినుంచి ఎక్కడికి ప్రయాణం చేసిందో చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో బెంగాల్‌కి చెందిన ఇజ్జతుల్లా పారశీకంలో రాశాడు. 1803లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూలో పెట్టాడు. లక్నోలో దయాశంకర్ నసీమ్ అనే కాశ్మీరీ పండితుడు దాన్ని మస్నవీగా కట్టాడు. కథలో ఉన్నదేమో తాజుల్ ములూక్ అనే రాకుమారుడు, ఇంద్రసభకు పోయి నాట్యమాడే పరీ బకావళి. ఇది హిందువుల కథా, ముసల్మానుల కథా? అడిగితే నసీమ్ నవ్వి ఉండేవాడు. తెలుగుకొచ్చేసరికి తాజుల్ ములూక్ విజయుడయ్యాడు. పేరు పోయింది, సరే. పాటలన్నీ రాసింది మాత్రం ఉర్దూ మీడియంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి. ఆయనకదే మొదటి సినిమా. మా నానీలు ఆ సినిమా చూసి మన కథే అన్నారు, పక్కింటి పెద్దమ్మలూ మన కథే అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

అప్పటి జానపదంలో మేం విలన్లం కాదు, అతిథులమూ కాదు. దీపం మాది, గుహ మాది, పువ్వు అందరిది. అక్కడినుంచి బాహుబలి దాకా వచ్చేసరికి మాకు మిగిలిన వాటా ఒక ఖాన్, ఒక కత్తి, ఒక మాట. అందుకే ఆ ఒక్కడి కోసం అంత ఆత్రం.

సరే, రెండో భాగం. సినిమా మొదలైన కాసేపటికే కుంతల రాజ్యం. దేవసేనకు అమరేంద్రుడు ఒకేసారి మూడు బాణాలు వెయ్యటం నేర్పే సీనుకి హాలు ఊగిపోయింది. మా పక్కన కూర్చున్న ముసలాయన వింటినారి మోత విని మా చెవిలో గొణిగాడు, ఇది మా నాయన మోతేరా అని. నిజమే, మా దూదేకుల తాతల చేతుల్లోనూ విల్లుండేది. దానితో దూది ఏకేవాళ్లు. ఈ పత్తి నేలమీద ఇంటింటికీ తిరిగి పరుపులు కుట్టి, పిండో గింజలో తెచ్చుకునేవాళ్లు. ఆ వింటిని ఏ సినిమావాడూ చూపించలేదు. దేవసేన విల్లు చూసి ముసలాయన కళ్లు తుడుచుకున్నాడంటే, కల్పన బలం అది. కాదనం.

కుంతల మీదికి రాత్రిపూట గుర్రాల చప్పుడయింది. వెనక వరసలోంచి మావాడొకడు "వచ్చాడ్రా ఖాన్!" అని అరిచాడు. వచ్చింది ఖాన్ కాదు. పిండారీలు. దోచుకోవటానికొచ్చారు.

పిండారీలు కల్పన కాదు, చరిత్రలోవాళ్లు. 1816లో మన గుంటూరు సీమ మీద పడి ఊళ్లు కొల్లగొట్టారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముసల్మానులూ ఉన్నారు. మరాఠా సైన్యాల వెంట తిరిగి, జీతాలు లేక దోపిడి మీద బతికినవాళ్లు. ఆ చరిత్రంతా సినిమాకి అక్కర్లేదు, ఒప్పుకుంటాం. కొమ్ములకు నిప్పు పెట్టిన ఎడ్లు వాళ్లమీదికి దూకితే ఒంగోలు గిత్తల నేలవాళ్లం మేమూ చప్పట్లు కొట్టాం. కానీ కథకుడు కాలంకాని కాలంనుంచి పిండారీలను పిలుచుకురాగలిగాడు. తన కథలోనే మాటిచ్చి పోయినవాడిని పిలవలేకపోయాడు. పిలవకూడదని అనుకున్నాడని మేం అనం. గుర్తురాలేదు, అంతే. మా బాధ ఆ గుర్తురాకపోవటం గురించే.

ఎందుకంటే రెండో భాగం చెప్పిన జవాబు వినండి. కట్టప్ప ఎందుకు చంపాడు? శివగామి ఆజ్ఞాపించింది కాబట్టి. అతడు బానిస కాబట్టి. ప్రాణంగా పెంచినవాడిని వెనకనుంచి పొడిచి, ఏడుస్తూ కూడా ఆజ్ఞ తప్పలేదు కాబట్టి. దేశం రెండేళ్లు తలబాదుకున్న ప్రశ్నకు జవాబు బానిసత్వం. ఆ బానిసత్వాన్ని తప్పని చూసినవాడు, దాన్నుంచి బయటికి రమ్మని చెయ్యి చాపినవాడు మాహిష్మతిలో ఎవడున్నాడు? ధర్మం గురించి అంత మాట్లాడిన అమరేంద్రుడు కట్టప్పను మామా అని పిలిచాడు, ప్రేమించాడు, విడిపించలేదు. ఆడవాళ్ల మీద చెయ్యేసినవాడి తల ఎగరగొట్టిన ధర్మానికి ఆ పని గుర్తురాలేదు. న్యాయం తన నోటే ఉందన్న శివగామీ విడిపించలేదు. ఒక్కపూట ఉండిపోయిన పరాయి వర్తకుడికి కనపడింది, ఆ రాజ్యంలో పుట్టినవాళ్లకు కనపడలేదు. ఖాన్ మాట కట్టప్ప ఆనాడే విని ఉంటే రెండో భాగమే లేదు. కథ మొత్తానికి తాళంచెవి ఆయన చేతిలో ఉంది. దాన్ని మొదటి భాగంలో చూపించి, రెండో భాగంలో పోగొట్టుకున్నారు. చివర మహేంద్రుడు గద్దెనెక్కాడు. కట్టప్ప బానిసత్వం రద్దయిందని ఎవరూ చాటింపు వెయ్యలేదు.

ఆఖరి యుద్ధంలో తాటిచెట్లు వంచి సైనికుల్ని కోటలోకి విసరటం చూసి పట్నం విమర్శకులు నవ్వారు. మేం నవ్వలేదు, తాటిచెట్టుతో మాకు ఆ మాత్రం చనువుంది. ఆ చెట్లకు బదులు ఖాన్ గుర్రాలు వచ్చి ఉంటే యుద్ధం ఇంకా బావుండేదని మాత్రం అనుకున్నాం.

సినిమా వెయ్యికోట్లు దాటింది, అంత వసూలు చేసిన మొదటి భారతీయ సినిమా అయింది. 2022లో అదే దర్శకుడి 'ఆర్ఆర్ఆర్'లో భీమ్ అఖ్తర్ పేరుతో ఢిల్లీలో ఒక ముస్లిం ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ టోపీ విడుదలకు దాదాపు ఏడాదిన్నర ముందే గొడవ లేపింది. వేషానికి పెట్టుకుని తీసేసే టోపీకే అంత గొడవైతే, తియ్యకుండా ఉండే టోపీ సంగతేంటని మాలో మేం అనుకున్నాం. 2025 అక్టోబర్ 31న రెండు బాహుబలులనూ కోసి కుట్టి ఒకే సినిమాగా మూడుముప్పావు గంటలకు తెచ్చారు. మా పిల్లలు పోదామని గోల. అభిమానం తగ్గిందని మేమెప్పుడూ చెప్పలేదు.

2017లో ఆ రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎనిమిదిమందిమి. సంతనూతలపాడు దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రిల్లింగ్ పనిచేసే తమ్ముడు మొదలెట్టాడు. ఖాన్ వచ్చే ఉంటాడన్నా, సముద్రం మీద పడవలు ఆలస్యమై ఉంటాయి అన్నాడు. సముద్రం ఎక్కడిదిరా, గుర్రాలమీద వస్తాడన్నాడు ఇంకొకడు. రెండొందల గుర్రాలు. కాదు, అయిదొందలు. కోట తలుపు దగ్గరికొచ్చి ముందు ఏం అడుగుతాడు? కట్టప్ప ఎక్కడని అడుగుతాడు. చీమకుర్తి వచ్చేసరికి ఖాన్ దస్తర్‌ఖాన్ పరిచాడు, కట్టప్పను పక్కన కూర్చోబెట్టాడు, కంచంలో అన్నం కూడా పెట్టాడు. వెనక కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లవాడొకడు అప్పటిదాకా విని, "కూర్చోడన్నా. నిలబడే ఉంటాడు" అన్నాడు. ఆటో ఆగింది. అందరం దిగి బండి కిరాయికి చిల్లర ఏరుకున్నాం.