వద్దు అనుటకు ముందు

మోటారు నడుపు విద్యలో గురువు నేర్పగలిగినది సగమే. తక్కిన సగమును, ప్రక్కసీటు ఖాళీ అయిన పిమ్మట, దారియే నేర్పును. పరదేశములో ఆ సీటు అంత సులభముగా ఖాళీ కాదు. ఆ దేశమున పుట్టి పెరిగిన భర్తయో భార్యయో అందు కూర్చుండి యుందురు. అక్కడి దారులలోని ఆపదలన్నియు వారికి తెలిసియుండును. తెలిసియుండుటచేతనే కొత్తగా వచ్చిన మనిషిని ఒంటరిగా పంపుటకు వారి మనస్సు అంగీకరింపదు. “నువ్వొద్దులే, నేను తీసుకెళ్తాను” అను వాక్యము అచట పుట్టును. అది పుట్టునది నిండు ప్రేమనుండియే. అయినను ఏండ్ల తరబడి అదే వాక్యమును వినిన మనిషి క్రమక్రమముగా గడప దాటుటకు వెఱచును. ఈ వారము దానిని గురించి వ్రాయదలచితిని, ఏలయన ఆ వాక్యమును నేను వినియుంటిని, అనబోయియు నుంటిని.

నేను హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడలో పుట్టినదానను. మావారు టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు చెంతనున్న ఇర్వింగు పట్టణములో, తెలుగు దంపతులకు జన్మించి, అక్కడనే చదివి, అక్కడనే యౌవనారంభమున లైసెన్సు సంపాదించినవారు. వివాహానంతరము కొంతకాలము అక్కడ కాపురముంటిమి; ఇప్పుడు మా నాయనగారి ఆరోగ్యమునుబట్టి ఉప్పుగూడకు వచ్చి యున్నాము. అక్కడ ఆయన స్థానికులు, నేను కొత్తదానను. ఇక్కడ నేను స్థానికురాలను, ఆయన కొత్తవారు. భాష వచ్చినంతమాత్రమున దారి రాదని ఈ మార్పు మా ఇరువురకును బోధించినది.

నాకు కారు నేర్పినవాడు మా మేనమామ, ఫలక్‌నుమా డిపోలో ఆర్టీసీ బస్సు నడిపి పదవీవిరమణ చేసినవాడు. ఆయన మొదటిదినముననే గేరునుగాని బ్రేకునుగాని ముట్టనీయక, వీధి మొగను బండి నిలిపి, ఎదుట పోవు జనమును చూడుమనెను. “బిడ్డా, ముందు మనుషుల కండ్లు చూడు, బండ్లు తర్వాత చూడొచ్చు. కూరగాయల బండి ఆయన నిన్ను చూసిండా లేదా, ఆ పిలగాడు బంతి వెనక ఉరుకుతడా లేదా, అది తెలిస్తే చాలు.” మా పేట దారులకు ఆ ఉపదేశము సర్వథా తగినది. కాచిగూడనుండి ఫలక్‌నుమాకు పోవు రైలుదారి, దానికిరువైపుల ఇరుకైన గల్లీలు, ఎదురుదిశనుండి నిస్సంకోచముగా వచ్చు ద్విచక్రవాహనములు, రంగు వేయని స్పీడు బ్రేకర్లు, ఆషాఢమాసమున బోనాల ఊరేగింపులు, రంజాను సాయంకాలములందు చార్మినారువైపు పొర్లిపోవు జనసమూహము: వీని నడుమ బండి నడుపుట యనగా ప్రతి క్షణమును ఎదుటివానితో కన్నులతో సంప్రదించుకొనుటయే. హారను ఇక్కడ “నేనున్నాను, చూసుకొనుము” అని తెలుపు పలకరింపు. ఆ విద్యను పూర్తిగా అభ్యసించితిననియు, ఇక నేను లోకమున ఎక్కడనైనను నడుపగలననియు నమ్మి విమానమెక్కితిని.

ఇర్వింగులో కన్నులతో సంప్రదించుటకు మనుష్యులే కనుపించరు. అక్కడ దారి గీతలతోను, గుర్తులతోను, అంకెలతోను మాటలాడును. కుడిప్రక్కన నడుపుట, స్టీరింగు ఎడమన నుండుట శరీరమునకు త్వరలోనే అలవడును. అలవడుటకు కాలము పట్టునది నమ్మకము. నాలుగు దిక్కులను ఆగుగుర్తులున్న కూడలిలో, ముందు వచ్చి ఆగినవాడు ముందు పోవును. అందరును ఆ వరుసను పాటింతురని నమ్మవలెను. పిల్లల పసుపుపచ్చ బస్సు ఎఱ్ఱదీపములు వెలిగించి ఆగినచో, నడుమ విభాజకము లేని దారిలో ఎదుటివైపు వాహనములును ఆగవలెను. పెద్ద రహదారిలో ప్రవేశించునపుడు మెల్లగా దూరరాదు; ప్రవేశమార్గముననే వేగమును పెంచి, లోపలి ప్రవాహముతో సమానమైన వేగమున కలియవలెను. ఉప్పుగూడలో సందుచూచి మెల్లగా ముక్కు దూర్చుట నేర్చిన దానికి ఇది యెంత విపరీతముగా తోచెనో చెప్పజాలను.

అయినను నడుపక గడచు ఊళ్లు కావవి. ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో వంటి పట్టణములలో తెలుగువారు వేలకొలది యున్నారు. పాలకైనను, బడికైనను, వైద్యునికడకైనను కారు లేనిదే కాలు సాగదు. భర్త ఉద్యోగముపై ఆధారపడు వీసాతో వచ్చి, చేతిలో పట్టాలుండియు పనిచేయు అనుమతి లేక కూర్చున్న తెలుగు స్త్రీలను అక్కడ ఎందరినో ఎఱుగుదును. 2015 మే మాసమున వారిలో కొందరికి పనిచేయు హక్కు లభించినది. హక్కు వచ్చిన దినమున కారు నడుపుట వచ్చినవారు కార్యాలయమునకు పోయిరి, రానివారు మఱల భర్త తీరికకై నిరీక్షించిరి. ఒంటరిగా నడుపుట యను విషయమును విలాసముగా భావించువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

మావారు నన్ను ఇంటిచుట్టుపట్ల నడుపనిచ్చిరి గాని, ఆస్టిన్‌లో నున్న నా స్నేహితురాలి యింటికి ఒంటరిగా పోయెదనన్నపుడు ముఖము చిన్నబుచ్చుకొనిరి. ఇరువదియైదు ముప్పది మైళ్లు కావు, రెండువందలకు దగ్గర. “నీకు తెలీదు, ఆ రోడ్డు వేరు” అనిరి. ఎట్లు వేరో చెప్పుమంటిని. చెప్పుట ఆయనకును కష్టమాయెను. పుట్టినదాదిగా ఎఱిగిన విషయములను విడదీసి మాటలలో పెట్టుట ఎవరికిని సులభము కాదు. ఆ రాత్రి భోజనమైన పిదప కాగితము ముందు పెట్టుకొని, “ఏం జరుగుతుందని మీ భయం? ఒక్కొక్కటే చెప్పండి, రాసుకుంటాను” అని కూర్చుంటిని. అప్పుడు వచ్చినవి అసలు మాటలు. వెనుక పోలీసు దీపములు వెలిగినచో కుడివైపున బండి నిలిపి, దిగక, రెండు చేతులను స్టీరింగుపై కనబడునట్లు ఉంచవలెను. మన ఊరిలోవలె కాగితములు పట్టుకొని దిగి ఎదురు పోయినచో అది వారికి బెదిరింపుగా తోచవచ్చును. లారీ ప్రక్కన ఎక్కువసేపు నడువరాదు. లారీ అద్దము నీకు కనబడనిచో లారీవానికి నీవు కనబడవు. నిద్ర వచ్చినచో పంతము మాని విశ్రాంతిస్థలమున ఆగవలెను. చివరకు, గొంతు తగ్గించి, నీటిని గురించి చెప్పిరి.

ఆస్టిన్, శాన్ ఆంటోనియోల పడమటి కొండప్రాంతములో చిన్నదారులు వాగులను వంతెన లేకయే దాటును. వాన పడినపుడు ఆ వాగులు నిమిషములలో పొంగును. దారిప్రక్కన లోతును అడుగులలో తెలుపు కొలతకంబములు పాతియుందురు. వడిగా పారు నీరు ఒక అడుగు లోతుండినచో చిన్నకారును ఈడ్చుకొనిపోగలదు, రెండడుగులైనచో పెద్దబండ్లను సైతము. అమెరికాలో వరదలవలన నీటమునిగి చనిపోవువారిలో సగమునకు పైబడినవారు బండితో నీటిలోనికి దిగినవారేయట. దారి తెలిసినదే గదా, ఈమాత్రము నీరు దాటలేమా యను ధైర్యమే వారిని దింపును. 2025 జులై 4వ తేదీ వేకువన అదే కొండప్రాంతమున గ్వాడలూపే నది పొంగి నూరుమందికి పైగా ప్రాణములు గొన్నపుడు, ఆయన ఆ రాత్రి చెప్పిన ప్రతి మాటయు నాకు జ్ఞప్తికి వచ్చినది.

నీటిమాట వినినంతనే నాకు ఆ భయము పరాయిది కాకపోయెను. 2020 అక్టోబరులో బాలాపూరువైపున గుర్రంచెరువు కట్ట తెగి, ఆ నీరు ఉప్పుగూడ, ఛత్రినాక ప్రాంతముల ఇండ్లలోనికి చొచ్చుకొనివచ్చినది. నిలిపియుంచిన కార్లు, ఆటోలు గల్లీలలో కొట్టుకొనిపోవుటను ఇర్వింగులో కూర్చుండి ఫోనులో చూచి మేమిరువురమును ఆ రాత్రి నిద్రపోలేదు. ఆయన చూపిన ఆపదను నా పేట ఆపదతో కలిపి నేను అర్థము చేసికొంటిని. “గోధుమరంగు నీళ్లు రోడ్డు దాటుతుంటే వెనక్కి తిప్పుతాను, ఆలస్యమైనా సరే” అని నేననగా ఆయన ముఖము తేటపడినది. అంతవరకు ఆయన భయము నాపై అపనమ్మకముగా నాకు తోచుచుండెను. ఒక్కొక్కటిగా విప్పి చెప్పిన పిమ్మట అది నాకు దారిబత్తెమైనది. నేను ఒంటరిగా ఆస్టిన్‌కు పోతిని, వచ్చితిని; ఆ ప్రయాణమునందు చెప్పుకొనదగిన సంఘటన యేదియు జరుగలేదు.

భయము నిరాధారమని నేననను. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు సమీపమున తొండుపల్లి టోల్‌గేటుకడ ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారము, హత్య మా పేటకు ఎంతో దూరమున జరిగినవి కావు. ఆ పిమ్మట చాలకాలము ఈ నగరమున కూతురు బండి తాళము తీసికొన్నపుడెల్ల తల్లి గుండె దడదడలాడినది. అయినను ఆ దుఃఖమునుండి మనవారు గ్రహించిన పాఠము తఱచుగా “ఆడపిల్లను పంపరాదు” అనునదిగానే మిగిలినది. పంచరైనచో స్టెప్నీ మార్చుట, జాకీ ఎక్కడ పెట్టవలెనో ఎఱుగుట, ఆపదలో 112 నంబరును పిలుచుట, వెలుతురున్న పెట్రోలుబంకు వరకు బండిని మెల్లగా నడిపించుట: ఇవి ఎందరు తండ్రులు నేర్పిరి? నేర్పని విద్యకు నిషేధము ప్రతిగా నిలువజాలదు. పైగా దారిపై ప్రాణములు పోవు ప్రధానకారణములు వేఱు. 2022లో మన దేశమున రోడ్డుప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. అందు నూటికి డెబ్బదిమందికి పైగా అతివేగమునకు బలియైనవారు, దాదాపు నలువదియైదుగురు ద్విచక్రవాహనములపై నున్నవారు. ఒంటరితనమును చూచి వణకు కుటుంబము, ముగ్గురు నెక్కించుకొని హెల్మెటు లేక పోవు కుఱ్ఱవానిని చూచి వణకకుండుట నాకు బాధ కలిగించును.

బార్కస్, షాలిబండ, చాంద్రాయణగుట్ట ప్రాంతములలో జిద్దాలోనో రియాదులోనో బంధువులు లేని గల్లీ యుండదు. 2018 జూన్ 24న సౌదీ అరేబియాలో స్త్రీలు కారు నడుపుటపై నున్న నిషేధము తొలగినపుడు ఆ వార్త మా వీధులలో ఇంటింట చర్చింపబడినది. చట్టము ఒక దినమున మారును. ఇంటిలోని “వద్దు” మారుటకు ఒక భర్త, ఒక భార్య ఎదురెదుట కూర్చుండి మాటలాడవలసియుండును.

ఇక నా వంతు. మావారు ఇక్కడికి వచ్చునపుడు అంతర్జాతీయ అనుమతిపత్రమును తెచ్చుకొనిరి. 1949లో జెనీవాలో కుదిరిన రహదారి ఒడంబడికపై ఆధారపడిన చిన్నపుస్తకమది. అది చట్టమునకు సమాధానము చెప్పును గాని, ఛత్రినాకలో ఎదురుగా వచ్చు ఆటోకు చెప్పదు. టెక్సాసులో ఎదుటివాడు హెడ్‌లైట్లు ఆర్పి వెలిగించినచో తఱచుగా “మీరు పొండి” అని మర్యాద. ఇక్కడ “నేను వచ్చుచున్నాను, ఆగుము” అని హెచ్చరిక. ప్రాణముల మీదికి తేగల ఈ ఒక్క భేదమును ఏ పుస్తకమును ఆయనకు చెప్పలేదు. ఆయన శ్రీశైలమునకు ఒంటరిగా పోయెదనన్న దినమున నా నోటికి “వద్దు” అను మాటయే ముందుగా వచ్చినది. ఇర్వింగులోని కాగితము జ్ఞాపకము వచ్చి దానిని మ్రింగి, మేనమామను పిలిపించితిని.

ముగ్గురము కూర్చుండి వ్రాసితిమి. తెల్లవారుజామున బయలుదేరవలెను, కడ్తాలు, డిండి దాటి మన్ననూరు చేరువరకు ఎదురుదిశ ద్విచక్రవాహనములపైనను, పశువులపైనను దృష్టి యుంచవలెను. మన్ననూరునుండి అమ్రాబాదు పులుల అడవి. రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆఱువరకు అక్కడి గేటు మూసియుందురు, కావున తిరుగుప్రయాణమున ఆ వేళకు ముందే దానిని దాటునట్లు చూచుకొనవలెను. అడవిలో ఫోను చాలచోట్ల అందదు. కోతులకు ఆహారము పెట్టుటకై ఆగరాదు. ఘాటులో ఎక్కుచున్న బండికి దిగుచున్నవాడు దారి యీయవలెను. మొదటినుండి గేరు మార్చనక్కరలేని కార్లే నడిపిన ఆయనతో మేనమామ ఈ మాటను మూడుమార్లు చెప్పించుకొనెను: “ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు, అల్లుడుగారూ. బ్రేకు మీదనే కాలు పెట్టి దిగితే అది వేడెక్కుతది, వేడెక్కితే పట్టదు.” మఱునాడు ఆయనను చాంద్రాయణగుట్ట దాటించి, తుక్కుగూడవరకు మేనమామ ప్రక్కన కూర్చుండి వచ్చెను, అక్కడ దిగి బస్సు పట్టుకొని తిరిగివచ్చెను.

ఫోనులో ఆయన యెక్కడ నున్నదియు నిరంతరము చూచుచుండు సౌకర్యమును నేను కోరలేదు. దానిని చూచుచు కూర్చున్నవారికి శాంతి కలుగదు. చుక్క కదలనప్పుడెల్ల ప్రాణము పోవును. బదులుగా డిండిలో ఒక మాట, అడవి దాటిన పిమ్మట ఒక మాట చెప్పుడని మాత్రము అడిగితిని.

ఉదయము ఎనిమిది గంటలవేళ ఇర్వింగునుండి అత్తగారు ఫోను చేసిరి. అక్కడ ముందునాటి రాత్రి. “ఒక్కణ్నే పంపించావా అమ్మా?” అని వారి కంఠము వణకినది. “ఐదింటికి బయలుదేరారు అత్తయ్యా. డిండిలో ఆగి ఇప్పుడే మాట్లాడారు. ఇక అడవిలో ఫోను అందదు, పదకొండు లోపల మళ్లీ చేస్తారు. వాన లేదు.” కొంతసేపు అవతల మాట లేదు. తరువాత ఆమె అడిగిరి: “దిగేటప్పుడు గేరు సంగతి చెప్పారా వాడికి? మీ మామయ్యగారు ఆ ఘాట్లోనే బ్రేకులు కాల్చారు, మా పెళ్లైన కొత్తల్లో.”