తెల్లవారకముందు నీటి ఒడ్డున: మైకేల్ కెన్నా పనితనం

జపాన్‌లోకెల్లా పెద్ద సరస్సు బివా. దాని పడమటి ఒడ్డున షిరహిగే ఆలయం ఉంది. ఆ గుడి ముంగిట ఉండవలసిన ద్వారం, జపనీయులు తోరీ అంటారు, సరస్సు నీళ్ళలో నిలబడి ఉంటుంది. గుడికీ నీళ్ళకూ నడుమ వాహనాలు పరుగెత్తే పెద్ద రోడ్డు. రోడ్డు దాటి ఒడ్డుకు చేరితే ఎదురుగా తూర్పు. తెల్లారేది ఆ ద్వారం అవతలే.

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ మైకేల్ కెన్నా ఈ తోరీని తీశాడు. ఆయన చిత్రంలో రోడ్డు లేదు, మనిషి లేడు, అల కూడా లేదు. నీరు పాలమీగడలా పరుచుకుంది. రెండు స్తంభాలు, పైన అడ్డదూలాలు నల్లగా, పదునుగా నిలిచాయి. కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచితే అందులో ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

ఒక్క అల ఒకచోట అరక్షణం కూడా ఉండదు. షట్టర్ అయిదు నిమిషాలు తెరిచి ఉంటే వేల అలలు ఒకదాని మీద ఒకటి పడి, దేని ఆకారమూ మిగలక, వెలుగు మాత్రం మిగులుతుంది. స్తంభం మాత్రం మొదటి క్షణంలో ఎక్కడుందో చివరి క్షణంలోనూ అక్కడే ఉంటుంది. అందుకే దానికి రూపం దక్కుతుంది. ఏది కదులుతుంది, ఏది కదలదు అన్న లెక్క ముందే వేసుకున్నవాడికే ఈ పద్ధతి లొంగుతుంది. కెన్నా రాత్రిపూట పది గంటల దాకా సాగే ఎక్స్‌పోజర్లు ఇచ్చాడు. అంతసేపట్లో నక్షత్రాలు కూడా నిలవవు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి అవి గీతలైపోతాయి.

తెల్లవారుజాము ఇంకా కష్టం. చీకటి తొలిగే వేళ కొద్ది నిమిషాలకొకసారి వెలుగు రెట్టింపవుతుంది. కాబట్టి పది నిమిషాల ఎక్స్‌పోజర్‌లో ఆఖరి రెండు మూడు నిమిషాలు పడ్డ వెలుగే ఎక్కువ. మొదట మీటర్ చూపిన అంకెను నమ్మి కూర్చుంటే ఆకాశం తెల్లగా కాలిపోతుంది. దానికి తోడు ఫిల్మ్‌కు ఒక గుణం ఉంది. మసక వెలుతురులో అది బద్ధకిస్తుంది. మీటర్ ఒక్క నిమిషం చాలంటే ఫిల్మ్‌కు కొన్ని నిమిషాలు కావాలి. అటు పెరిగే వెలుగు, ఇటు మందగించే ఫిల్మ్. ఈ రెండింటికీ నడుమ షట్టర్ ఎప్పుడు మూయాలో చెప్పే యంత్రం లేదు. ఏళ్ళ తరబడి తీసిన అలవాటే చెప్పాలి. ఒడ్డు ఇసుకలో ట్రైపాడ్ కాళ్ళు దిగబడకూడదు, లెన్స్ మీద మంచు పట్టకూడదు, గాలికి కెమెరా అదరకూడదు. ఫిల్మ్ కనుక ఫలితం అక్కడ కనబడదు.

కెన్నా చేతిలోది హాసెల్‌బ్లాడ్ ఫిల్మ్ కెమెరా. చతురస్రపు నెగటివ్. ఇంగ్లండ్‌లోని విడ్నెస్ అనే పారిశ్రామిక పట్టణంలో 1953లో పుట్టిన ఆయన, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో చేరి రూత్ బెర్న్‌హార్డ్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్‌కు ప్రింట్లు వేసిపెట్టే పని చేశాడు. నెగటివ్ చేతికొచ్చాక అసలు పని మొదలవుతుందన్న శ్రద్ధ ఆయన ప్రింట్లన్నిటా కనిపిస్తుంది. ఇప్పటికీ తన ప్రింట్లు తానే డార్క్‌రూమ్‌లో వేస్తాడు. ఒకచోట వెలుగును చేత్తో అడ్డుకుంటూ, ఇంకోచోట ఎక్కువసేపు పడనిస్తూ, సరస్సు దగ్గర గడిపిన కాలాన్ని కాగితం మీద మరోసారి సరిదిద్దుతాడు.

ఆ ప్రింట్లు ఒక్కొక్కటీ జానెడు పొడవు, జానెడు వెడల్పు, ఇంచుమించు 20 సెంటీమీటర్లు. ఈ నిర్ణయం నాకు ఆయన పనిలో అన్నిటికంటే గొప్పదనిపిస్తుంది. గోడంత బొమ్మను దూరం నుంచే చూసి వెళ్ళిపోవచ్చు. జానెడు బొమ్మ దగ్గరికి రమ్మంటుంది. దగ్గరికి వచ్చాక, ఖాళీ అనుకున్న నీటిలో బూడిద రంగు ఎన్ని పొరలుగా మారుతోందో అప్పుడు తెలుస్తుంది. ఆయన నిమిషాల తరబడి నిలబడ్డ చోట మనమూ కాసేపు నిలబడతాం.

హొక్కయిదో దీవిలోని కుష్షారో సరస్సు ఒడ్డున నీటి మీదికి వంగిన ఒక ముసలి చెట్టుండేది. కెన్నా దాన్ని 2002లో మొదటిసారి తీశాడు. తర్వాత మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. ఒకే చెట్టు, వేర్వేరు చలికాలాలు. ఒక్కసారి బాగా వచ్చింది కదా అని వదిలేయకుండా, పాత స్నేహితుణ్ణి పలకరించడానికి వెళ్ళినట్టు వెళ్ళడమే ఆ చిత్రాలకు ప్రాణం పోసింది. ఆ కొమ్మల్లో ఏది ఎటు వంగిందో తెలిసిన చేయి ఫ్రేమ్ కట్టిందని చూడగానే అర్థమవుతుంది.

కెన్నా చిత్రాల్లో అలలు చెరిగిపోయి చెట్టు మిగిలింది. ఒడ్డున జరిగింది వేరు. ఆ చెట్టును 2009లో కొట్టేశారు. అలలు ఇంకా ఉన్నాయి.