కొండ దగ్గర మనిషి కొలత

తిరుమల ఘాట్ రోడ్డులో కొండను తొలిచి దారి వేసిన చోట రాతిగోడ మీద ఒక గీత కనిపిస్తుంది. ఎవరో గీసిన గీత కాదది. దాని కింద గ్రానైటు, నైస్ రాళ్లు. పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. కింది రాయి వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. పై రాయి దానికంటే ఎంతో చిన్నది. రెంటికీ మధ్య ఎడం దాదాపు 80 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. అంత కాలానికీ ఇక్కడ సాక్ష్యం చెప్పే రాయి ఒక్కటీ లేదు. ఈ చోటుకు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని పేరు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బస్సులు, కార్లు రేయింబవళ్లు దాని పక్క నుంచే పోతుంటాయి.

ఆ గీత మీద అరచెయ్యి ఆనిస్తే బొటనవేలు ఒక యుగంలోనూ చూపుడువేలు ఇంకో యుగంలోనూ ఉంటాయి. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లయింది. మన జాతి మనిషి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. డైనోసార్లు పోయినప్పటి నుంచి నేటి వరకూ గడిచిన కాలమంతా ఆ రెండు వేళ్ల సందులో 12 సార్లు పడుతుంది.

కొండల్లో, అడవుల్లో కాలినడకన తిరిగేవాళ్లకు ఇలాంటి క్షణం ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. మాట ఆగిపోతుంది. తను ఎంత చిన్నవాడో మనిషికి తెలుస్తుంది, అయినా బాధ కలగదు. పైగా గుండె బరువు తగ్గినట్టు ఉంటుంది. ఇది అదృష్టం కొద్దీ, శిఖరం మీద, సూర్యోదయం వేళ మాత్రమే దొరికేదని చాలామంది అనుకుంటారు. ఈ కాలమ్ అలా అనుకోదు. ఇదొక సాధన. పాదాలతో మొదలై కళ్లకు చేరే సాధన. సంగీతంలాగే నేర్చుకుంటే వస్తుంది, మానేస్తే పోతుంది.

ఈ సంగతి తిరుమల ఉన్న శేషాచలానికి కొత్త కాదు. తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’లో ఆయన తాత అన్నమయ్య తొలిసారి కొండ ఎక్కిన ఘట్టం ఉంది. పసివాడు అన్నమయ్య ఆకలితో, అలసటతో మోకాళ్ల పర్వతం దగ్గర ఒక వెదురుపొద నీడన సొమ్మసిల్లి పడిపోతాడు. అలమేలుమంగ పెద్దముత్తైదువ రూపంలో కనిపించి, ఈ కొండ అంతా సాలగ్రామమయమని, కాళ్లకు చెప్పులు ఉండటం వల్లే నీకు అది కనిపించడం లేదని చెబుతుంది. చెప్పులు విప్పాక అదే కొండ అతనికి ఇంకోలా కనబడుతుంది. కథలో కొండ మారలేదు, దారీ మారలేదు. మారింది పాదం నేలను తాకిన తీరు, దాని వెంటే చూపు. అదే చోట రామానుజాచార్యులు కొండ మీద కాలు మోపడానికి మనసొప్పక మోకాళ్ల మీద ఎక్కారని ప్రతీతి. ఇవాళ్టికీ ఎందరో భక్తులు ఆ మెట్లను మోకాళ్లతోనే ఎక్కుతారు.

భక్తుడు సాలగ్రామం అన్నదాన్ని భూగర్భ శాస్త్రవేత్త క్వార్ట్‌జైట్ అంటాడు. ఇద్దరూ తొక్కే ముందు ఆ రాయిని చూసినవాళ్లే. క్వార్ట్‌జైట్ అంటే ఒకప్పటి ఇసుక. లోతు తక్కువ నీటి అడుగున పేరుకుని, కోట్ల ఏళ్ల ఒత్తిడికి గట్టిపడిన ఇసుక. ఈ కొండల్లో కొన్ని బండల మీద ఆనాటి నీటి కదలిక అలల గుర్తులుగా ఇప్పటికీ నిలిచి ఉంది. సముద్ర మట్టానికి ఎంతో ఎత్తున, చెమటలు కక్కుతూ ఎక్కే మనిషి కాలు ఒక పాత తీరం మీద పడుతుంది. అది తెలిసినవాడి అడుగు నెమ్మదిస్తుంది.

ఈ నెమ్మదించడం వెనకున్న ఆశ్చర్యం మీద ఈ మధ్య పరిశోధనలు కూడా వచ్చాయి. 2003లో డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఆశ్చర్యానుభూతిలో రెండు అంశాలు ఉంటాయని ప్రతిపాదించారు. ఒకటి, మన కొలతలకు అందని పెద్దతనం ఎదురుకావడం. రెండోది, దాన్ని ఇముడ్చుకోవడానికి మన పాత ఆలోచన తనను తాను సర్దుకోవలసి రావడం. 2015లో పాల్ పిఫ్ బృందం కాలిఫోర్నియాలో కొందరిని ఎత్తయిన యూకలిప్టస్ చెట్ల మధ్య నిలబెట్టి ఒక్క నిమిషం తలెత్తి చూడమంది. మరికొందరిని ఒక భవనం వైపు చూడమంది. ఆ తర్వాత దగ్గర్లో ఒకరు కలాలు జారవిడిచినప్పుడు, చెట్లను చూసినవాళ్లే ఎక్కువ కలాలు ఏరి ఇచ్చారు. ఇంకో అధ్యయనంలో యోసెమిటీ లోయకు వచ్చిన యాత్రికులను, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిషర్‌మెన్స్ వార్ఫ్‌కు వచ్చినవాళ్లను తమ బొమ్మ తామే గీయమన్నారు. లోయ ముందు నిలబడినవాళ్లు తమను తాము చిన్నగా గీసుకున్నారు.

వీటన్నిటిలో మనసుకు దగ్గరగా వచ్చేది వర్జీనియా స్టర్మ్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం. 60 ఏళ్లు దాటినవాళ్లను 8 వారాల పాటు, వారానికి ఒకసారి 15 నిమిషాలు నడవమన్నారు. ఒక జట్టుకు మాత్రం, వీలైతే కొత్త చోట నడవండి, ప్రతిదాన్నీ తొలిసారి చూస్తున్నట్టు చూడండి అని చెప్పారు. నడకలో సెల్ఫీలు తీసుకోమన్నారు. వారాలు గడిచేకొద్దీ ఆ జట్టువాళ్ల ఫొటోల్లో వాళ్ల రూపం తగ్గుతూ, వెనుకనున్న చెట్టూ ఆకాశమూ పెరుగుతూ వచ్చాయి. నవ్వు మాత్రం ఇంకా విచ్చుకుంది. ఎవరూ వాళ్లను చిన్నగా కనబడమని చెప్పలేదు.

శిఖరాలు ఎక్కితేనే ఈ అనుభవం కలుగుతుందనుకునేవాళ్లకు శేషాచలంలోని కోనలు వేరే పాఠం చెబుతాయి. తుంబురు తీర్థానికి పోయే దారి పాపవినాశనం దాటాక అడవిలోకి దిగుతుంది. చివరికి రెండు నిట్టనిలువు రాతిగోడల మధ్యకు చేరుతుంది. ముందుకు పోయేకొద్దీ గోడలు దగ్గరవుతాయి. ఆకాశం సన్నని చీలికగా మిగులుతుంది. నీళ్లలో, నాచు పట్టిన బండల మీద అడుగు తీసి అడుగు వేయాలి. ఇక్కడ పెద్దతనం పైనుంచి చూసే దృశ్యం కాదు. మనిషి దాని అడుగున ఉంటాడు. ఎక్కడో ఎగువన వాన పడితే ఆకాశం తేటగా ఉన్న చోట కూడా వాగు ఒక్కసారిగా పొంగగలదు. కోనలో ఎవరి ఫిట్‌నెస్సూ ఎవరి బూట్లూ ఆ నీటితో బేరమాడలేవు.

ఈ కొండల్లో బతికేవాటి జాబితా మనిషిని ఇంకొంచెం ఒదిగి నడిచేలా చేస్తుంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. రాతినేల మీద, నీటి ఎద్దడిలో, ఎంతో నిదానంగా పెరిగే చెట్టు అది. సైకాస్ బెడ్డోమై అనే మొక్క ఈ చుట్టుపక్కల కొండలకే పరిమితం. దాని వంశం పాతికకోట్ల ఏళ్లకు మించిన చరిత్ర గలది. ఎర్రచందనాన్ని దొంగతనంగా నరికి ఎగుమతి చేయడం వల్ల, ఆ సైకాస్‌ను మందుల కోసం కోసుకుపోవడం వల్ల రెండూ ప్రమాదంలో పడ్డాయి. రాతి సందుల్లో, నీటి చెమ్మ ఉన్న చోట రాత్రిళ్లు తిరిగే బంగారు బల్లిని 1870లో ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఇక్కడ నడిచే మనిషి వందల ఇళ్ల మధ్య నుంచి పోతున్నాడు. ఆ ఇళ్లలో వేటికీ తలుపు లేదు.

భయం లేని వినయం గురించి మాట్లాడటం తేలిక. 2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక ఆరేళ్ల పాపను చంపింది. ఆ ఇంటి దుఃఖానికి ఏ మాటా సరిపోదు. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం చిన్నపిల్లలతో నడిచేవాళ్లకు వేళలు కట్టడి చేసింది. నడకదారి భక్తుల చేతికి కర్రలు ఇచ్చింది. వేల మెట్లు, దీపాలు, దుకాణాలు ఉన్నా ఆ దారి అడవిలోదేనని ఆ ఏడాది అందరికీ గుర్తుకొచ్చింది. ప్రకృతి అందాన్ని మాత్రమే పూజించి దాని బలాన్ని మరిచిపోతే అది వినయం కాదు.

వినయం సాధన అయితే దానికి పద్ధతి ఉండాలి. నడకకు ముందు ఆ కొండ గురించి కొంత చదవడం దాని మొదటి మెట్టు. రాయి వయసు తెలియనివాడికి రాయి రాయిగానే కనిపిస్తుంది. దారి తెలిసిన యానాదుల వంటి గిరిజనుల వెనక నడవడం రెండోది. వాళ్లు ఎక్కడ ఆగి వింటారో, ఏ ఆకును తాకకుండా తప్పుకుంటారో గమనిస్తే చాలు, సగం చదువు అయినట్టే. మూడోది నిశ్శబ్దం. బ్లూటూత్ స్పీకర్‌లో పాట మోగుతున్నంతసేపూ కోనలో మనిషికి తన ఊరే వినబడుతుంది. పక్షి వినబడదు, ఎగువ నీటి హోరు అసలే వినబడదు. నాలుగోది తిరుగు ప్రయాణం. మోసుకెళ్లిన ప్లాస్టిక్ సీసా మోసుకుని దిగిరావాలి, ఎండాకాలం నిప్పు రాజేయకూడదు, తాళం వేసిన దారిలో దొంగచాటుగా దిగకూడదు. కొండ ముందు నిజంగా తల వంచిన మనిషికి ఈ నియమాలు ఎవరూ బోర్డు పెట్టి చెప్పనక్కర్లేదు.

తీర్థాల దారులన్నీ ఏడాది పొడవునా తెరిచి ఉండవు. అటవీశాఖ అనుమతితో, దేవస్థానం ఏర్పాట్లతో సాధారణంగా పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటి జరుగుతాయి. వెళ్లదలిచినవాళ్లు ఆ రోజుల్లోనే, ఆ దారిలోనే వెళ్లండి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి. నడవలేనివాళ్లు ఘాట్ రోడ్డు ప్రయాణంలో ఆ రాతిగీత కోసం కిటికీలోంచి చూడండి. దానికి టికెట్ లేదు, ముహూర్తమూ లేదు.