నొసటి నుంచి ముక్కు

1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఒక ఉత్తరం అచ్చువేసింది. ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలే కావస్జీ 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్ మనుషులకు చిక్కితే, వాళ్లు అతని ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. ఏడాదికి పైగా గడిచాక పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు పెట్టాడు. రోగి పేరు, ఈ పని చూసిన బొంబాయి డాక్టర్ల పేర్లు ఉత్తరంలో ఉన్నాయి. చేసినవాడి పేరు మాత్రం లేదు!

పద్ధతి ఇది. పలుచటి మైనంతో ముక్కు అచ్చు తీసి, దాన్ని నొసటి మీద చదును చేసి చుట్టూ గీత గీస్తారు. ఆ మేరకు చర్మం ఒలిచి కిందికి మెలితిప్పి, ముక్కు మోడు చుట్టూ పెట్టిన గాటులో ఇముడుస్తారు. కుట్లు లేవు. నీళ్లతో మెత్తబరిచిన కాచును గుడ్డపేలికలకు పూసి, అయిదారు పొరలు అతికించడమే. నాలుగు రోజులయ్యాక నేతిలో ముంచిన గుడ్డలు. పదో రోజున ముక్కురంధ్రాల్లో మెత్తటి గుడ్డ. కనుబొమల మధ్య చర్మాన్ని మాత్రం సన్నటి పట్టీలా వదిలి, సుమారు పాతికో రోజున కోస్తారు.

నైపుణ్యమంతా ఆ పట్టీలోనే ఉందని నా అభిప్రాయం. దానికి రక్తం వచ్చే దారి చూడండి. మెదడుకు వెళ్లే లోపలి కెరోటిడ్ ధమని నుంచి ఆఫ్తాల్మిక్ ధమని చీలి, కంటి నరంతోపాటు కనుగూట్లోకి వస్తుంది. రెటీనాకు రక్తమిచ్చే కొమ్మ దానిదే. దాని చివరి కొమ్మల్లో ఒకటైన సుప్రాట్రాక్లియర్ ధమని కనుబొమ లోపలి కొస దగ్గర బయటపడి నొసటి పైకి పాకుతుంది. బయటి కెరోటిడ్ నుంచి వచ్చే ముఖ ధమని దవడ ఎముకను దాటి (అక్కడ వేలు పెడితే నాడి తెలుస్తుంది), మెలికలు తిరుగుతూ కంటి లోపలి మూలకు చేరి ఆఫ్తాల్మిక్ కొమ్మలతో కలుస్తుంది. పుణె పట్టీ సరిగ్గా ఈ కూడలి మీదే ఉంది. అందుకే ఒలిచిన చర్మం చావలేదు.

ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహితలో చర్మం తీసేది నొసటి నుంచి కాదు, చెంప నుంచి. కొలతకు ఆకు వాడమని అందులో ఉంది. లండన్‌లో సర్జన్ జోసెఫ్ కార్ప్యూ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఉత్తరం చూసి, శవాల మీద సాధన చేసి, 1814లో నొసటి పద్ధతినే అనుసరించాడు. ముక్కు మీది క్యాన్సర్ తీసేశాక సర్జన్లు నేటికీ నొసటి చర్మాన్నే దించుతున్నారు. సుప్రాట్రాక్లియర్ ధమని ఎక్కడుందో చూసుకుని గీత గీస్తారు, సుమారు మూడు వారాలకు పట్టీ కోస్తారు.

ఆ ధమనుల కూడలి వల్ల ముప్పూ ఉంది. అందం కోసం ముక్కుకో కనుబొమల మధ్యకో సూదితో ఎక్కించిన ఫిల్లర్ (చర్మం కింద నింపే పదార్థం) పొరపాటున ధమనిలో పడితే, వెనక్కి ప్రవహించి రెటీనా ధమనిని మూసేయగలదు. సూది వేసే చోట ధమనులు ఎలా ఉన్నాయో, పొరపాటు జరిగితే ఏం చేస్తారో ముందే అడగండి. వేయించుకున్నాక చూపు మసకబారినా, కన్ను తీవ్రంగా నొప్పిపెట్టినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లండి.