వాల్వు యాంప్లిఫయర్: బలం కన్నా శుభ్రత

హ్యామ్ రేడియోలో వాల్వు యాంప్లిఫయర్ మాట రాగానే ఎన్ని వాట్లని అడుగుతారు. దాని అసలు గొప్పతనం అలల ఆకారం చెడకుండా వాటిని పెంచడంలో ఉంది. 14.200 మెగాహెర్ట్జ్ దగ్గర అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో, మాటకు బదులు 700, 1900 హెర్ట్జ్ స్వరాలు రెండింటినీ కలిపి పంపి చూడండి. 14,200.7, 14,201.9 కిలోహెర్ట్జ్ దగ్గర రెండే సిగ్నళ్లు బయటికి రావాలి. వాల్వును దాని శక్తికి మించి తోస్తే అలల శిఖరాలు చదునవుతాయి. అప్పుడు 14,199.5, 14,203.1 దగ్గర రెండు, 14,198.3, 14,204.3 దగ్గర ఇంకో రెండు, ఎవరూ పంపని సిగ్నళ్లు పుట్టుకొస్తాయి. హ్యాములు స్ప్లాటర్ అనేది దీన్నే. పక్కన బలహీనమైన స్టేషన్‌ను వింటున్నవారికి మాట అందదు, గరగర మాత్రమే అందుతుంది.

యాంప్లిఫయర్ ఔట్‌పుట్‌లో పై (π) నెట్‌వర్క్ అనే ఫిల్టర్ ఉంది కదా, చెత్తంతా అదే ఆపుతుందని కొందరంటారు. హార్మోనిక్స్, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెట్లలో పుట్టే సిగ్నళ్ల వరకు ఆ మాట చాలావరకు నిజం. 21 మెగాహెర్ట్జ్‌కు మూడో హార్మోనిక్ 63 దగ్గర, అంటే పాత టీవీ నాలుగో చానల్లో పడుతుంది. దాన్ని పై నెట్‌వర్క్, లో పాస్ ఫిల్టర్ కలిసి అణచగలవు. కానీ 14,204.3 అసలు సిగ్నల్‌ను ఆనుకునే ఉంటుంది, అక్కడ ఏ ఫిల్టరూ పనిచేయదు. దాన్ని పుట్టకుండా చూడడమొక్కటే దారి, వాల్వు విద్యంతా అక్కడే ఉంది. 811ఎ, 3-500జెడ్ వంటి వాల్వులకు గ్రిడ్‌ను ఎర్త్ చేసి కెథోడ్‌కు సిగ్నల్ ఇచ్చే పద్ధతిలో కొంత నెగటివ్ ఫీడ్‌బ్యాక్ దానంతటదే దొరుకుతుంది. మిగతాది ట్యూనింగ్. ప్లేటు కరెంటు తగ్గిన చోట ఆపేసి, లోడింగ్ సంగతి వదిలేస్తే గ్రిడ్ కరెంటు పైకెక్కుతుంది, శిఖరాలు త్వరగా చదునవుతాయి. పని తెలిసినవారు డమ్మీ లోడ్ మీద పూర్తి డ్రైవ్‌తో గరిష్ఠ ఔట్‌పుట్ తెచ్చి, లోడింగ్‌ను ఇంకాస్త పెంచి, ఆపైన డ్రైవ్ తగ్గిస్తారు. గ్రిడ్ మీటరు మీంచి కళ్లు తీయరు.

ఇంకాస్త పవర్ ఇస్తే దూరపువాళ్లకు వినిపిస్తుంది కదా అనే వాదన లెక్కకు నిలవదు. 320 వాట్లను 400 చేస్తే పెరిగేది ఒక డెసిబెల్. ఎస్ మీటర్‌లో ఒక్క గీతకు ఆరు కావాలి. అదే ఒక డెసిబెల్‌కు మూడో తరగతి వక్రీకరణ, అంటే పైన చెప్పిన 14,199.5, 14,203.1 దగ్గరి జంట, మూడు డెసిబెల్స్ పెరుగుతుంది, వాల్వు హద్దు దగ్గర అంతకన్నా ఎక్కువే. వాల్వంటే సహజంగానే శుభ్రమన్న నమ్మకానికీ హద్దుంది: ముందున్న ట్రాన్సీవర్ మురికి సిగ్నల్ ఇస్తే మంచి లీనియర్ యాంప్లిఫయర్ ఆ మురికినీ నమ్మకంగా పెంచుతుంది.

హ్యాము సిగ్నల్ పొరుగింటి టీవీకి అడ్డు వస్తే, తప్పు ఒక్కోసారి ఆ టీవీదే, ఒప్పుకోవాల్సిందే. సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉన్నా దాని బలానికే తట్టుకోలేని రిసీవర్లున్నాయి. వాటికి అటువైపే ఫెరైట్ రింగో హై పాస్ ఫిల్టరో పెట్టాలి. అయితే ఆ మాట అనే హక్కు, తన సిగ్నల్‌ను రెండు స్వరాలతో ఆసిల్లోస్కోప్ మీద ముందే చూసుకున్న హ్యాముకే ఉంటుంది.