పందికి కాపలా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పొట్టి పుంగనూరు ఆవును ముద్దు చేయని వాళ్లు లేరు. పందుల్ని మేపే ఎరుకల వాడ దాటేటప్పుడు మాత్రం ముక్కు మూసుకుంటారు. చిత్తూరు జిల్లాలోనే పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి ఆ పంది కోసమే ‘అతడు అడవిని జయించాడు’ నవల రాశాడు. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ ముసలాయన ఒంటరిగా అడవిలోకి పోతాడు. ఈనిన పంది పెంచినవాణ్ణే దగ్గరికి రానివ్వదు. అయినా నక్కల్ని తరుముతూ రాత్రంతా కాపలా ఉంటాడు. పందిని పెంచేది బతుకుదెరువుకే, అమ్ముకోవడానికే. ఆ కాపలాను నేను నమ్మింది అందుకే. ఒక్కటే నచ్చలేదు: రచయిత ముసలాయన్ని మరీ వీరుణ్ణి చేశాడు. ఇళ్లల్లో పందికి కుడితి పోసే ఆడవాళ్లకు ఆ అడవిలో చోటు లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఆవుకూ పందికీ ఒకటే. బళ్లో ఆ చట్టం చెప్పే అయ్యవార్లు ఈ నవల కూడా చదివించాలి.